దూకిన తరువాత

క్రిందటి యేడు క్రీడోత్సవములకు పది దినములు ముందు, పాఠశాల విడిచిన పిమ్మట, ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు మైదానములోని ఇసుకగుంటకడ ఒంటరిగా హైజంపు సాధన చేయుచుండెను. ఉపాధ్యాయులెవ్వరును దగ్గర లేరు. చేతిఫోనులో చూచిన క్రీడాకారుని అనుకరించి, వీపును అడ్డకఱ్ఱవైపు త్రిప్పి, వెల్లకిల దూకెను. కఱ్ఱను తాకకుండ దాటెను కూడ. కాని వెనుకకు చాచిన ఎడమచేయి మొదట ఇసుకను తాకెను. నాలుగు దినములుగా ఎవ్వరును తవ్వని ఆ ఇసుక గట్టిపడి యుండెను. ముంజేతి ఎముక విరిగెను.

మరునాడు ఆ బాలుని తండ్రిగారు పాఠశాలకు వచ్చిరి. వారు కోపపడలేదు. "దూకడం నేర్పారు సరే మాస్టారూ, దిగడం ఎవరు నేర్పాలి?" అని మాత్రము అడిగిరి. మాయొద్ద సమాధానము లేకపోయెను. ఎంత ఎత్తు దూకినదియు మేము పుస్తకములో వ్రాసికొనుచుంటిమి. ఎట్లు దిగినదియు ఏనాడును చూచి యుండలేదు. చేయి అతుకుకొన్నది, బాలుడు మరల ఆడుచున్నాడు. ఐనను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఈ సంవత్సరమంతయు చదివి, పిల్లలతో చేయించి చూచి, తెలిసికొన్నంత మట్టుకు ఇక్కడ వ్రాయుచున్నాము. ఆ తండ్రిగారికే గాక, "మా పిల్లవానిని దూకుడులలో చేర్చవద్దు" అని చీటీలు వ్రాసి పంపిన మరి పదిమంది తల్లిదండ్రులకును ఇది మా జవాబు.

ఎత్తునుండి పడుట ప్రమాదమని అందరమును అనుకొందుము. గాలిలో నున్నంతసేపు శరీరమునకు ఏ నొప్పియు కలుగదు. నొప్పి కలిగించునది ఆగుట. ఎంత వేగముతో వచ్చి ఎంత దూరములో ఆగితిమి అనుదానినిబట్టి ఎముక నిలుచుటయో విరుగుటయో జరుగును. మేస్త్రీకి ఇటుకలు అందించు కూలివాండ్రను చూడుడు. క్రిందివాడు ఇటుకను విసరును, పైవాడు పట్టుకొనును. పట్టుకొనునప్పుడు చేతులను బిగించి ఉంచడు. ఇటుకతోబాటు వెనుకకు లాగికొనును. క్రికెట్టు బంతిని పట్టువాడును అంతే. కొంత దూరము, కొంత కాలము ఇచ్చి ఆపినచో అరచేయి మండదు.

దీనిని లెక్కలో చూపుట కష్టము కాదు. 30 కిలోల బరువుగల పిల్లవాడు 1 మీటరు ఎత్తుగల పిట్టగోడపైనుండి దూకెననుకొందము. నేలను తాకు క్షణమున అతని వేగము సెకనుకు 4.4 మీటర్లు, అనగా గంటకు సుమారు 16 కిలోమీటర్లు. బడికి ఆలస్యమైనవాడు సైకిలుపై పోవు వేగము వంటిది. కాళ్లు కఱ్ఱలవలె బిగించి దిగినచో, శరీరము ఆగుటకు 5 సెంటీమీటర్ల దూరము దొరకునేమో. పడిన ఎత్తును ఆగిన దూరముచే భాగించి, దానికి ఒకటి కలిపినచో, సగటున తన బరువునకు ఎన్ని రెట్లు బలము కాళ్లపై పడినదో తెలియును. ఇక్కడ అది 21 రెట్లు. అనగా 630 కిలోలు, ఆరు బస్తాల బియ్యమునకు మించిన బరువు. అదే పిల్లవాడు చీలమండలు, మోకాళ్లు, తుంట్లు క్రమముగా వంచుకొనుచు 50 సెంటీమీటర్ల దూరములో ఆగినచో 3 రెట్లు మాత్రమే, 90 కిలోలు. ఎత్తు అదే, పిల్లవాడు అతడే, నేల అదే. ఆగిన విధము ఒక్కటే మారినది.

ఈ లెక్కను ఏడవ తరగతిలో నల్లబల్లపై వేసినప్పుడు, పిల్లలు పిట్టగోడమీదికి ఎక్కి పరీక్షించి చూతమనిరి. అంత ఎత్తు వద్దని చెప్పి, ముందుగా ఒక మెట్టునుండి దూకించితిమి. అప్పుడు మాకొక సులభమైన కొలత దొరికెను: చప్పుడు. ధబ్బున దిగినవాని కాళ్లు బిగిసి యున్నవన్నమాట. పిల్లివలె చప్పుడు లేకుండ దిగినవాడు వంగి దిగినాడన్నమాట. కన్నులు మూసికొని వినుచుండినను ఎవడు ఎట్లు దిగినదియు చెప్పవచ్చును. ఇంటిలో మెట్లపైనుండి దూకు పిల్లలను మాన్పుట మీవలన కాదు, మావలనను కాదు. "చప్పుడు లేకుండ దూకు" అని మాత్రము చెప్పి చూడుడు.

కాళ్లపై దిగు విధము ఇది. ముందుగా మునివేళ్ల మొదళ్లు నేలను తాకవలెను, వెనువెంటనే మడమ. మోకాళ్లు వంగుచుండవలెను; వంగిన మోకాలు కాలివ్రేళ్ల దిక్కునకే పోవలెను గాని లోపలికి ఒరిగి ఒకదానినొకటి తాకరాదు. పిఱుదులు వెనుకకు, రొమ్ము కొంచెము ముందుకు, చేతులు ఎదుట. చూపు నేలపై గాక నాలుగడుగుల దూరమున. రెండు పాదములును ఒకేసారి దిగుట మేలు. దిగిన పిమ్మటను వేగము మిగిలియున్నచో దానిని బలవంతముగ ఆపక, రెండడుగులు ముందుకు నడచిపోవలెను, లేదా ప్రక్కకు దొర్లిపోవలెను. గాలిగొడుగుతో విమానమునుండి దూకు సైనికులకు నేర్పునదియు ఈ దొర్లుటయే: పాదములు, పిక్క, తొడ, తుంటి, వీపు ప్రక్క, ఇట్లు ఒకదాని వెంట ఒకటి నేలను తాకును, దెబ్బ ఒక్కచోటనే పడక పంచుకొనబడును.

మోకాలు లోపలికి ఒరుగరాదంటిమి. ఇది ఆడపిల్లల తల్లిదండ్రులు ప్రత్యేకముగా వినవలసిన మాట. దూకుట, దిగుట ఎక్కువగా గల ఆటలలో మోకాటి లోపలి కట్టు తెగుట బాలురకంటె బాలికలలో ఎక్కువయని క్రీడావైద్యులు కనుగొనిరి. దిగునప్పుడు మోకాళ్లు లోపలికి ఒరుగుట అందుకు ఒక ముఖ్యకారణము. దిగు పద్ధతిని శ్రద్ధగా నేర్పినచోట ఈ దెబ్బలు తగ్గినవనియు వారే చూపిరి. కనుక ఈ కారణముచే ఆడపిల్లను మైదానమునుండి ఇంటికి పిలిపించుట సరికాదు. ఆమెకు ముందుగా నేర్పవలసినది ఏదో ఇది తెలుపుచున్నది.

చేతుల మాట వేరు. పడబోవు ప్రతివాడును చేయి చాచును. అది మనకు పుట్టుకతో వచ్చిన గుణము. చాచిన చేయి బిగిసియుండును గనుక, పైన చెప్పిన 5 సెంటీమీటర్ల దూరము కూడ దానికి దొరకదు. మణికట్టు, ముంజేయి, మోచేతి పైభాగము, ఈ మూడుచోట్లనే పిల్లల ఎముకలు తరచుగా విరుగును. పెరుగుచున్న పిల్లల ఎముకల కొనలయందు మెత్తని పెరుగుదల పొర యుండును. దెబ్బ దానికి తగిలినచో వైద్యుడు మరింత జాగ్రత్తగా చూడవలసి యుండును. కావున పడునప్పుడు చేతులను రొమ్మునకు చేర్చుకొని భుజముపై దొర్లుట పిల్లలకు గడ్డిలోనో, చాపలపైననో, మోకాళ్లపై కూర్చుండబెట్టి నేర్పవలెను. వారమునకు రెండుసార్లు చేయించుచున్నాము. పిల్లలకు ఇది ఆటగానే యున్నది.

మన పెద్దలకు ఈ విద్య తెలియదనుకొనరాదు. కోతికొమ్మచ్చి ఆడినవారందరును కొమ్మనుండి దిగు విద్య నేర్చినవారే. తోటలో ఏ కొమ్మ ఎంత ఎత్తో, క్రింద మన్ను ఎక్కడ మెత్తనో చూచుకొననిదే ఎవడును దూకెడివాడు కాడు. ఒంగుళ్లు దూకుళ్లలో ఎత్తు కొంచెము కొంచెముగా పెరుగును. నేటి శిక్షకులు చెప్పు పద్ధతియు అదియే. తాలింఖానాలలో గోదా మన్నును తవ్వి, మెత్తన చేసిన పిమ్మటనే కుస్తీకి దిగెడివారు. కూలిచ్చి తవ్వించుట కాదు. ఆడువారే పారలు పట్టెడివారు. చెట్లు లేని వీధులలో, మూడవ అంతస్తు ఇండ్లలో పెరుగుచున్న మన పిల్లలకు ఆ అభ్యాసము లేదు. మన డ్రిల్లు మాస్టరుగారు తమిళమున ఇచ్చు ఆజ్ఞలలో పరుగునకు, దూకుటకు, నిలుచుటకు మాటలున్నవి; దిగుటకు లేదు. తెలుగులో మేమును ఇదివరకు ఒక్క మాటయు చెప్పినవారము కాము. ఇప్పుడు "వంగి దిగు" అనుచున్నాము.

ఇక హైజంపు కథకు వత్తము. ఈ క్రీడ చరిత్రను చదివినకొలది మాకు ఒక విషయము వింతగా తోచెను. కఱ్ఱను ఎట్లు దాటవలెనను పద్ధతులన్నియు దూకువాని కాళ్లబలముచే మాత్రమే మారలేదు. ఆవల ఏమి పఱచియున్నదో దానినిబట్టి మారినవి.

మొదట ఆవల ఉండినది పచ్చికయో, ఇసుకయో, రంపపుపొట్టో. అట్టిచోట కాళ్లపై దిగవలసినదే. అందుచే కత్తెర దూకుడు పుట్టెను: ప్రక్కనుండి పరుగెత్తి వచ్చి, కత్తెర అలుగులవలె ఒక కాలి వెంట ఒక కాలు కఱ్ఱమీదుగా త్రిప్పి, నిలుచున్నట్లే దిగుట. భద్రమైనది, కాని శరీరమంతయు నిటారుగా కఱ్ఱపై పోవలసియుండును గనుక ఎత్తు ఎక్కువ రాదు. అమెరికా దేశీయుడైన జార్జి హొరైన్ సాధన చేసిన గుంటకు ఒకే ప్రక్కనుండి పరుగెత్తి వచ్చుటకు వీలుండెననియు, అది అతనికి అలవాటైన ప్రక్క కాదనియు, అందుచే కఱ్ఱకు దగ్గరి కాలితో ఎగిరి ప్రక్కవాటుగా దొర్లి దాటుట కనిపెట్టెననియు క్రీడాచరిత్రకారులు వ్రాయుదురు. 1912లో అతడు 2 మీటర్లు దాటెను. ఎగిరిన కాలును, రెండు చేతులును కలిపి మూడు ఆధారములపై దిగుట ఆ పద్ధతి.

అప్పటి నిబంధనలలో తల, కాళ్లకంటె ముందుగా కఱ్ఱను దాటరాదని యుండెను. 1932లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో జీన్ షైలీ, బేబ్ డిడ్రిక్సన్ అను ఇరువురును సమానమైన ఎత్తు దూకగా, డిడ్రిక్సన్ తలముందుగా మునిగినదని న్యాయనిర్ణేతలు ఆమెకు రెండవ స్థానమిచ్చిరి. ఆ నిబంధన పిదప తొలగిపోయెను. తరువాత కడుపు క్రిందికుండ కఱ్ఱను చుట్టుకొని దొర్లునట్టి స్ట్రాడిల్ పద్ధతి రాజ్యమేలెను. సోవియట్ దేశపు వలెరీ బ్రూమెల్ 1963లో ఆ పద్ధతితో 2.28 మీటర్లు దూకెను. ఇందును చేయి, కాలు ముందుగా దిగి, భుజముపై దొర్లుట యుండెను.

గడదూకుడువారి కష్టము ఇంతకంటె ఎక్కువ. కార్నీలియస్ వార్మర్‌డామ్ 1940లో వెదురుగడతో 15 అడుగులు, అనగా 4.57 మీటర్లు, దాటిన మొదటివాడు. మన మిద్దె ఎత్తుకంటె ఎక్కువ ఎత్తునుండి అతడు గుంటలోనికి కాళ్లపై దిగవలసి యుండెను. పైకి పోవు నేర్పుతో సమానముగా క్రిందికి వచ్చు నేర్పు లేనివాడు ఆ క్రీడలో ఒక సంవత్సరము కూడ నిలిచియుండడు.

1960ల నడుమ నురుగువంటి ఫోము పరుపులు మైదానములకు వచ్చెను. ఆరెగన్ రాష్ట్రములోని మెడ్‌ఫర్డ్ పట్టణమున డిక్ ఫాస్బరీ అను బాలుడు చదువుచుండెను. 1947లో పుట్టినవాడు. స్ట్రాడిల్ అతనికి అబ్బలేదు. పాతకాలపు కత్తెర దూకుడుకే మరలిపోయెను. ఎత్తు పెంచుకొనుటకు కొంచెము కొంచెముగా వెనుకకు వాలుచు, చివరకు వీపు క్రిందుగా, తల ముందుగా కఱ్ఱను దాటనారంభించెను. సరిగా ఆ కాలముననే అతని పాఠశాల తన గుంటలోని చెక్కపేళ్లు తీసివేసి మెత్తని పరుపు వేసెను. ఆ పరుపే లేకున్నచో ఆ బాలుడు వీపుమీద ఎన్నిసార్లు దిగగలిగెడివాడో ఊహింపుడు. పడవలో పడి ఎగిరిపడు చేపవలె నున్నాడని ఊరి పత్రిక నవ్వెను. 1968 అక్టోబరు 20న మెక్సికో నగరపు ఒలింపిక్ క్రీడలలో అతడు 2.24 మీటర్లు దూకి స్వర్ణపతకము గెలిచెను. ఆ పద్ధతికి ఫాస్బరీ ఫ్లాప్ అని పేరు నిలిచెను. కెనడాలో డెబ్బీ బ్రిల్ అను బాలికయు ఇట్టి పద్ధతినే వేరుగా కనుగొన్నది.

ఐనను స్ట్రాడిల్ ఒక్కనాడు పోలేదు. 1972లో మ్యూనిక్‌లో యూరి తార్మాక్ ఆ పద్ధతితోనే గెలిచెను. 1977లో బెర్లిన్‌లో రోజ్‌మరీ ఆకర్‌మాన్ స్ట్రాడిల్‌తోనే 2 మీటర్లు దాటిన తొలి స్త్రీ యయ్యెను. కాని పరుపులు వ్యాపించినకొలది ఫ్లాప్ వ్యాపించెను. క్యూబా దేశీయుడు హవియెర్ సోటొమాయోర్ 1993లో 2.45 మీటర్లు, ఉక్రెయిన్ యువతి యారొస్లావా మహుచిఖ్ 2024లో 2.10 మీటర్లు దూకినది ఫ్లాప్‌తోనే. ఫోములోనికి దిగుదుమను ధైర్యము లేక ఏ మానవుడును వెనుక చూడకుండ తలముందుగా అట్లు దూకడు.

ఆ పరుపు ఏమి చేయును? పెద్ద పోటీలలో హైజంపు పరుపు 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలెనని నియమము. లోపల ఫోములో లెక్కలేనన్ని గాలిగదులున్నవి. శరీరము పడగానే గాలి మెల్లగా బయటికి నెట్టబడును; పడువాని వేగమును అది తినివేయును. తీగచుట్ట స్ప్రింగువలె తిరిగి పైకి విసరదు. అందుకే పరుపు ప్రక్కలకు గాలి పోవు వలబట్ట కుట్టుదురు. 2025 సెప్టెంబరులో టోక్యోలో స్వీడను దేశీయుడు ఆర్మాండ్ డుప్లాంటిస్ గడతో 6.30 మీటర్లు దాటెను. 80 సెంటీమీటర్ల పరుపుపై అతడు పడునప్పటి వేగము గంటకు సుమారు 37 కిలోమీటర్లు. ఫోము అర మీటరు లోతు అణగినచో, తన బరువునకు 12 రెట్లు బలము పడును. ఆ బలము రెండు చీలమండలపై గాక వీపు అంతటను పరచుకొనును గనుక అతడు నవ్వుచు లేచి పరుగెత్తెను.

పరుపున్నను దిగు విద్య యవసరమే. ఫ్లాప్ దూకువాడు కఱ్ఱ దాటిన వెంటనే గడ్డమును రొమ్మునకు ఆనించుకొనవలెను. లేనిచో తలవెనుక, మెడ ముందుగా దిగును. మొదట పరుపును తాకవలసినది రెండు భుజముల నడిమి వీపు. చేతులు ప్రక్కలకు చాచియుంచవలెను గాని వెనుకకు నేలను వెదకరాదు. మోకాళ్ల నడుమ ఎడము ఉండవలెను. లేనిచో దొర్లునప్పుడు తన మోకాలే తన ముక్కును పగులగొట్టును. కఱ్ఱ పడినదా లేదా అని మెడ త్రిప్పి చూచుట మరియొక అలవాటు. పడిన కఱ్ఱ చప్పుడు ఎట్లును వినిపించును, చూడనక్కరలేదు. పూర్వము ముక్కోణపు లోహపు కఱ్ఱలుండెడివి. వానిపై వీపు పడినచో గాయమే. నేడు గుండ్రని ఫైబరుగ్లాసు కఱ్ఱలు వాడుచున్నారు. మన పాఠశాలలో వెదురుబద్ద వాడుచుంటిమి. చీలిన వెదురు ఎంత పదునో మీకు చెప్పనక్కరలేదు. ఆ బద్దను తీసివేసి సాగు రబ్బరుతాడు కట్టితిమి.

కాలు సరిగాలేని పిల్లలు దూకుడులకు పనికిరారనుకొను తల్లిదండ్రులకు ఒక మాట. మన తమిళనాట సేలము జిల్లాకు చెందిన మారియప్పన్ తంగవేలు, ఐదేండ్ల ప్రాయమున బస్సు ప్రమాదములో కుడికాలు చితికినవాడు. 2016లో రియో పారాలింపిక్ క్రీడలలో 1.89 మీటర్లు హైజంపు చేసి స్వర్ణపతకము తెచ్చెను. పిదప టోక్యోలో రజతము, 2024లో పారిస్‌లో కాంస్యము. మంచి పరుపుపై దిగునప్పుడు భారమంతయు కాళ్లే మోయవలసిన పని లేదు.

మన పాఠశాలకు అట్టి పరుపు లేదు. కొనుటకు అయ్యెడి ఖర్చు సంఘమువారికి తెలిసినదే. సంఘసభ్యులలో ఒక పెద్దమనిషి, ఇంటింటనుండి పాత దూదిపరుపులు పోగుచేసి పేర్చుదమనిరి. వారి సదుద్దేశమునకు నమస్కరించుచునే మేము కాదంటిమి. దూది అణగిపోవును, ఒకసారి అణగినది లేవదు. నాలుగు పరుపులు ఒకదానిపై నొకటి పెట్టినచో జారును. ప్రక్కప్రక్కన పెట్టినచో నడిమి సందులో పాదము దిగబడి చీలమండ మెలిపడును. అందుకే అసలైన ఫోము దిమ్మెలపైనను అన్నిటికి కలిపి ఒకే కప్పు వేసి బిగింతురు. ఇంతకంటె పెద్ద కీడు మరియొకటి: పరుపును చూచిన పిల్లవాడు అది ఫోమువంటిదేయని నమ్మును. ఇసుకను చూచినప్పుడు అతనికి ఉండెడి భయమును మనమే పోగొట్టినవారమగుదుము. ఇదే కారణమున, ఇంటిలో మంచముపై వెల్లకిల దూకు పిల్లలను గమనింపుడు. మంచపు తలకట్టు కొయ్యదని వారికి గుర్తుండదు.

చౌకగా దొరకు పాత ఫోము పరుపు కొందమని మరికొందరనిరి. ఎండకు, వానకు పాడైన ఫోము పైకి చూచుటకు ఉబ్బియుండియు, లోపల పొడియై, పడినవాని వీపును నేలకు తాకించును. నీరు త్రాగినది గట్టిపడును. కొనుటయేగాక, దానిని నీడన దాచుటకు గది యున్నదా అని ముందు చూడవలెను. మనకు ఆ గది లేదు. గది కట్టిన పిమ్మట పరుపు మాట తలచుట మంచిదని మా అభిప్రాయము. సంఘమువారిలో అందరికి ఇది నచ్చలేదు. ఆ సంగతియు దాచము.

కావున, పరుపు వచ్చువరకు మన పాఠశాలలో ఫ్లాప్ దూకుట లేదు. కత్తెర దూకుడు మాత్రమే నేర్పుచున్నాము. కాళ్లపై దిగునది గనుక ఇసుకకు అదియే తగినది. జిల్లా పోటీలలో ఫ్లాప్ దూకు పిల్లలతో మనవారు ఓడిపోవుదురు. ఈ యేడు ఓడిపోయిరి కూడ. ఒక తల్లిగారు, "మా అమ్మాయికి బహుమతి రాకపోవడానికి మీ జాగ్రత్తే కారణం" అనిరి. ఆ మాట నిజమే. ఆమెకు మేము చెప్పగలిగిన దొక్కటే: కత్తెర దూకుడులో మీ అమ్మాయి నేర్చిన పరుగు, ఎగురు కాలి బలము ఫ్లాప్‌నకును పనికివచ్చును. ఫాస్బరీయు ఆ దారినే వచ్చెను.

మూడు, నాలుగు తరగతులవారు ఒక మెట్టునుండి, ఐదవ తరగతివారు బల్లపైనుండి దిగుట మాత్రమే అభ్యసింతురు. ఆరవ తరగతినుండి మోకాలి ఎత్తున కట్టిన తాడుతో కత్తెర దూకుడు మొదలగును. పదిసార్లు చప్పుడు లేకుండ దిగినవానికే తాడు ఒక మెట్టు పైకి జరుపుదుము. పుస్తకములో ఇప్పుడు రెండు గడులున్నవి. ఒకటి ఎత్తునకు, ఒకటి దిగిన తీరునకు. చేయి విరిగిన ఆ బాలుడే క్రింది తరగతులవారి రెండవ గడిని నింపుచున్నాడు. మాకంటె కఠినముగ మార్కులు వేయుచున్నాడని చిన్నపిల్లల ఫిర్యాదు.

ఇసుకగుంట సంగతి మిగిలినది. వాన పడి ఎండినచో ఇసుక రెండు దినములలో బండయగును. దూకు ప్రతిదినమును మోకాలి లోతున తవ్వి, రాళ్లు, గాజుపెంకులు ఏరి, నడుమ గుట్టగా పోయవలెను. మాకున్న పారలు మూడు. పాఠశాల తెరచిన మొదటి శనివారము ఉదయము ఏడు గంటలకు గుంటను మొదలంట తవ్వి క్రొత్త ఇసుక నింపనున్నాము. ఇంట పార, గునపము, ఇసుక చాళ్లు తీయు దంతె ఉన్నవారు తెచ్చినచో పదిగంటలలోపల పని ముగియును.